మగ్గం గడ్డ

ట్యూమర్ అంటే ఏమిటో ఇప్పుడు నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కావాలంటే అడగండి, నేనే చెబుతాను. ఏడో తరగతితో బడి మానేసి, మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటూ బతికినదాన్ని, డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు ఒప్పజెబుతాను. ఏం లాభం? తెలియాల్సినప్పుడు తెలియలేదు. తెలిసేసరికి ఆ తెలివితో చేసుకునే పనేమీ మిగల్లేదు.

మాది కాశిబుగ్గ. మా ఆయన సారంగపాణి జంపఖానాలు నేసేవాడు. ఇంట్లో ముందు గది మొత్తం మగ్గానిదే, ఆయనా, అత్తా, నేనూ ముగ్గురం వెనక గదిలో సర్దుకునేవాళ్లం. మాది గుంట మగ్గం. నేలలో గొయ్యి ఉంటుంది. నేసేవాడు దాని అంచున పీట మీద కూర్చుని, కాళ్లు లోపలికి వదిలి, అడుగునున్న చెక్కలు తొక్కుతాడు. పొద్దున కూర్చుంటే అన్నానికి లేవడం, తిని మళ్లీ కూర్చోవడం. అలా ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లకు పిరుదు కింద, ఎముక పీటకు ఆనే చోట, ఒక గడ్డ లేస్తుంది. మా వాడలో దాన్ని మగ్గం గడ్డ అంటారు.

దాన్ని రోగమని ఎవరూ అనుకోరు. ఇంట్లో మగవాడికి మగ్గం గడ్డ లేచిందంటే ఆడవాళ్లు నేతలో మిగిలిన నూలు పోగులు కుక్కి ఒక మెత్త కుట్టి పీట మీద వేస్తారు. మెత్త పడిందంటే అతనికి పని వచ్చిందని, వాడలో నలుగురిలో మాట చెల్లుతుందని అర్థం. మా మామకు మా అత్త సమ్మమ్మ ఎర్ర పోగులు కుక్కి కుట్టిన మెత్త ఉండేది. ఆయన పోయాక ఆమె దాన్ని ఉతికి, ఎండబెట్టి, దేవుడి అర కింద దాచిపెట్టింది. ఎప్పటికైనా కొడుకు దాని మీద కూర్చోవాలని ఆమె ఆశ.

ఒక చలికాలం ఆదివారం మా ఆయనకు ఒళ్లు రుద్దుతుంటే తొడ వెనక, పై భాగంలో, చేతికి ఏదో తగిలింది. గట్టిగా, లోపలెక్కడో పాతుకున్నట్టు ఉంది. ఇదేమిటి అని అడిగితే ఆయన తడిమి చూసుకుని నవ్వాడు. నవ్వి, లోపలున్న తల్లిని కేకేసి చెప్పాడు. మా అత్త ఉరుకుతూ వచ్చింది. కొడుక్కి నలభై దాటాయన్న సంగతి కూడా మరిచి, పసిపిల్లవాడికి పళ్లు వచ్చాయా అని చూసినట్టు చూసింది.

"నాయిన తీరు అయిండు నా కొడుకు. ఇగ మెత్త తియ్యాలె" అన్నది.

ఆ సాయంత్రమే అర కింద నుంచి ఎర్ర మెత్త బయటికి వచ్చింది. దానికి బొట్టు పెట్టి పీట మీద వేసింది. మా ఆయన దాని మీద కొత్త అల్లుడు కుర్చీలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఎదురింటి బుచ్చిరాములు బావ వచ్చి చూసి వెళ్లాడు. నేను చాయ్ పెట్టి అందరికీ ఇచ్చాను. పిల్లలు కాని ఇంట్లో సంబరాలు ఇంతకన్నా ఏముంటాయి? నాకూ సంతోషమే అయింది, అబద్ధం ఎందుకు.

అయితే నాకు ఒకటి తేడాగా అనిపించింది. మగ్గం గడ్డ అన్నది నొస్తుంది. బుచ్చిరాములు బావ పీట మీద కూర్చునేటప్పుడు పెట్టే మూలుగు మా వాకిట్లోకి వినబడుతుంది. మా ఆయనకు నొప్పి అన్నదే లేదు. నొక్కి చూసినా లేదు. పైగా అది ఎముక ఆనే చోటు కూడా కాదు, దానికి కొంచెం కిందికి ఉంది. ఆ మాటే అంటే, నొప్పి లేకుంటే మంచిదే గదా, దానికి కూడా కొట్లాటేనా అని తల్లీ కొడుకూ నా నోరు మూయించారు. నాకు వాడలో నోరున్నదని పేరు. నల్లా నీళ్ల దగ్గర, నూలు తెచ్చే సేటు దగ్గర, అన్నిటికీ అరిచేదాన్ని. రోజూ అరిచేదాని అరుపు ఎవరు పట్టించుకుంటారు చెప్పండి.

తర్వాత వానలు వచ్చాయి. ఆ ఏడు వానలు మామూలువి కావు. మా వాడలో గట్టిగా వాన పడితే గుంటల్లోకి అడుగు నుంచి నీళ్లు ఊరతాయి. పడుగు మీద గోనెలు కప్పి, తొక్కే చెక్కలు విప్పి అటక మీద పెట్టి, నీళ్లు నేలలోకి గుంజేదాకా ఖాళీగా కూర్చోవాల్సిందే. వాడంతా మగ్గాల చప్పుడు ఆగిపోతుంది. అప్పుడే మగ్గం గడ్డలు తగ్గుతాయి. పీట మీద బరువు పడదు కాబట్టి కొద్దికొద్దిగా మెత్తబడి సగానికి వస్తాయి, కొందరివి మొత్తమే పోతాయి. వానాకాలం మాకు పని ఉండదు గాని కూర్చునే చోటు బాగుపడుతుందని మగవాళ్లు చాయ్ తాగుతూ నవ్వుకుంటారు. బుచ్చిరాములు బావ ఆ ఏడు కూడా, తన గడ్డ సగమైందని అందరికీ చెప్పుకున్నాడు.

మా ఆయనది సగం కాలేదు. పెరిగింది. ముందు నిమ్మకాయంత ఉన్నది బత్తాయంత అయింది. నేను చేత్తో పట్టి చూశాను.

"అందరియి తగ్గినయ్. నీదొక్కటి ఎందుకు పెరుగుతాంది?" అని అడిగాను.

"నేనేమన్న ఖాళీగ ఉన్ననా? ఆటో సీటు మీద కూసుంటలేనా? కూసుండుడు కూసుండుడే" అన్నాడు.

అదీ నిజమే. మగ్గం ఆగిందని ఆయన బుచ్చిరాములు బావ కొడుకు ఆటో తీసుకుని హనుమకొండకూ స్టేషన్‌కూ మధ్య తిప్పుతున్నాడు. ఆ ఆటో లేకుండా ఉంటే, ఇంట్లో చేతులు ముడుచుకుని కూర్చుని ఉంటే, ఆ గడ్డ గుట్టు అప్పుడే బయటపడేది. మా అందరి కళ్లకూ ఆ ఆటో సీటు అడ్డం వచ్చింది. అత్త ఉప్పు మూట వేడి చేసి కాపడం పెట్టింది. ఆముదపు ఆకు కట్టింది. ఏ దవాఖానకైనా పోదాం పద అని నేనంటే, ఆ చోటు పరాయివాళ్లకు ఎట్లా చూపించను, సిగ్గుండాలె అని ఆయన విసుక్కున్నాడు.

నీళ్లు గుంజాయి. మగ్గాలు మొదలయ్యాయి. బతుకమ్మ పండుగ కూడా అయిపోయింది. అప్పుడు నేను ఒక పని చేశాను. కండెలు చుట్టడం మానేశాను. కండె లేకపోతే నాడెలో పెట్టడానికి నూలు ఉండదు, నాడె ఆడకపోతే మగ్గం ఒక్క వరస నడవదు. దవాఖానకు వచ్చేదాకా రాట్నం ముట్టేది లేదని చెప్పి వాకిట్లో కూర్చున్నాను. అత్త చుట్టబోయింది గాని ఆమెకు చూపు ఆనదు, పోగు తెగిపోతూ ఉంది. రెండు పూటలు మగ్గం ముందు ఊరికే కూర్చుని, మూడో పూట చొక్కా తొడుక్కున్నాడు.

హనుమకొండలో గడ్డల డాక్టరని వాడలో చెబితే సుహాసిని మేడం దగ్గరికి వెళ్లాం. లోపలికి నన్ను రావద్దన్నాడు. నీ ముందర ఆమె ముందర రెండు సిగ్గులు నాతోని కాదన్నాడు. నేను బయట ఆయన చెప్పులు కాళ్ల దగ్గర పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. బయటికి వచ్చిన మనిషి ముఖం వెలిగిపోతూ ఉంది.

"ట్యూమరేనట" అన్నాడు.

మీకు ఇది నవ్వొచ్చే మాట కావచ్చు. మా ఇంట్లో కాదు. నేను కాపురానికి రాకముందు మా అత్తకు గర్భసంచిలో గడ్డ లేచింది. క్యాన్సరని అందరూ భయపడి ఏడ్చారు. ఆపరేషన్ చేసి తీసిన డాక్టర్, ఇది ట్యూమర్ అంతే, క్యాన్సర్ కాదు పొమ్మన్నాడు. ఆ మాట మా అత్త ఇప్పటికీ పండుగకు వచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతుంది. ట్యూమర్ అయి కూడా ఇన్నేళ్లు బతికింది, కట్టెలు కొట్టింది, బియ్యం మూట మోసింది. మా ఇంట్లో ట్యూమర్ అంటే తప్పించుకున్న వాళ్లకు వచ్చేది. మా ఆయన ఆ పేరు వినగానే మిగతాది వినలేదు. వచ్చేదారిలో జిలేబీ కొన్నాడు. అత్త రెండు చేతులూ జోడించి దేవుడి అరకు మొక్కింది. ఆ రాత్రి నేనూ కడుపునిండా తిన్నాను. నేనూ ఆ ఇంటి మనిషినే కదా.

మరి డాక్టర్ ఏం చేయమంది అని అడిగాను. తొందరేం లేదు, మళ్లొకసారి కనబడమన్నది అని చెప్పాడు. మందు రాయలేదా అంటే రాయలేదన్నాడు. మందు కూడా రాయలేదంటే అదెంత చిన్నదో చూడండి అని మా అత్త మురిసిపోయింది.

చలికాలం గడిచింది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బండ్లు వచ్చే రోజులు వచ్చాయి. గడ్డ ఇప్పుడు పంచె మీదికి కూడా తెలుస్తూ ఉంది. పీట మీద నిటారుగా కూర్చోలేక ఒక పక్కకు ఒరిగి కూర్చునేవాడు. ఒరిగి కూర్చుంటే ఒక చేయి గట్టిగా కొడుతుంది, ఒకటి వదులుగా కొడుతుంది. జంపఖానా ఒక అంచు బిగుతుగా, ఒక అంచు జారుడుగా వచ్చింది. పరిస్తే నేల మీద ఒక మూల లేచి నిలబడేది. జీవితంలో ఆయన నేసిన బట్టకు ఎవరూ వంక పెట్టలేదు. ఆ బట్టను మడిచి మూలకు పడేశాడు. అప్పుడైనా ఆయనకు అర్థమై ఉండాలి. ఆ చేతులకు అర్థమైంది, నోటికి చెప్పుకోవడం రాలేదు.

ఆ తర్వాత దగ్గు పట్టుకుంది. దగ్గుకు కూడా మా దగ్గర మగ్గమే జవాబు. నూలు దుమ్ము పీల్చేవాళ్లు ఎవరు దగ్గరు? వాడంతా దగ్గుతుంది. బెల్లం ముక్క నోట్లో వేసుకుని నేసేవాడు. ఎండలు మొదలైన ఒక రోజు దగ్గితే తెల్ల పడుగు మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. నేను ఆ పడుగు చూశాను, ఆయన నన్ను చూశాడు. ఈసారి కండెలు మానే అవసరం రాలేదు. ఆయనే చొక్కా తొడుక్కున్నాడు.

ఈసారి లోపలికి నేనూ వెళ్లాను. రావద్దనే ఓపిక ఆయనకు లేదు. సుహాసిని మేడం గడ్డ చూసింది, వీపు మీద గొట్టం పెట్టి ఊపిరి విన్నది. చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. 

"ముక్క తీసి చూద్దాం, వారంలోపల రమ్మని అప్పుడే చెప్పిన కదా. ఎందుకు రాలేదు?" అని ఆయన్ని అడిగింది.

నేను ఆయన వైపు తిరిగాను. ఆయన గచ్చు వైపు చూస్తున్నాడు.

ట్యూమరే అన్నారు కదా మేడం అని నేనే అడిగాను. మా అత్తకూ ట్యూమరే అయింది, తీసేస్తే పోయింది, అది క్యాన్సర్ కాదు కదా అన్నాను. నా గొంతు పెద్దదై ఉంటుంది, బయట ఉన్న నర్సు తలుపు తీసి చూసింది. డాక్టరమ్మ కోప్పడలేదు. నా ముందుకు కుర్చీ జరుపుకుని చెప్పింది.

"ట్యూమర్ అంటే గడ్డ, అంతేనమ్మా. వెనకట ఏ వాపునైనా ఆ పేరుతోనే పిలిచేటోళ్లు. అది మంచిదా చెడ్డదా అన్నది ఆ పేరులో ఉండదు. మన ఒంట్లో పాత కణాలు పోతుంటయి, వాటి జాగల కొత్తవి పుడుతుంటయి, ఎన్ని కావాలో అన్నే. ఎక్కడన్న ఆ అదుపు తప్పి, అక్కర లేకున్నా పుడుతనే ఉంటే అక్కడ ముద్ద అయితది. కొన్ని ముద్దలు ఉన్నకాడనే ఉంటయి. తీసేస్తే అయిపోతది. మీ అత్తమ్మది అట్లాంటిది. ఇంకొన్ని పక్క కండలకు చొచ్చుకపోతయి, నెత్తుట్ల పడి ఇంకోచోట మొలుస్తయి. దాన్నే క్యాన్సర్ అంటం. పైనుంచి చూస్తే రెండూ గడ్డలే. ముక్క తీసి చూస్తే తప్ప ఏదో చెప్పలేం. నేను అప్పుడు ఇదే చెప్పిన."

చెప్పిందంతా ఆయన విన్నాడు. విని, ఒక్క పేరు మాత్రం మూట కట్టుకుని నా దగ్గరికి తెచ్చాడు. అంత కోపం నాకు జన్మలో రాలేదు. ఆ కోపంలోనే ఒకటి అడిగాను. ఇది మగ్గంతో వచ్చిందా మేడం అన్నాను.

మగ్గంతో వచ్చేది వేరే అని ఆమె చెప్పింది. ఎముకకూ పీటకూ మధ్య ఒరుసుకుని నీరు చేరి ఉబ్బుతుందట. నొస్తుందట, కూర్చోవడం మానితే తగ్గుతుందట. ఇది అది కాదు, ఇది ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పలేరు అన్నది. బుచ్చిరాములు బావ చాయ్ తాగుతూ చెప్పే మాటే ఆమె చదువుకుని చెప్పింది. వాడంతటికీ తెలిసిన సంగతే. తెలిసి కూడా మేం ఆటో సీటు మీద నెపం పెట్టాం.

ముక్క తీశారు. ఫోటోలు తీశారు. సార్కోమా అని పేరు చెప్పారు. కండలో పుట్టే క్యాన్సరట. ఊపిరితిత్తుల నిండా పాకిందన్నారు. మొదట వచ్చినప్పుడే అయితే గడ్డ చుట్టూ కండ తీసేసి చూసేవాళ్లమని, కాలు పోయినా మనిషి దక్కేవాడేమోనని డాక్టరమ్మ అన్నది. ఏమో అన్నది, తప్పకుండా అనలేదు. ఆ ఏమో నన్ను ఇప్పటికీ తినేస్తూ ఉంది. దక్కేవాడు కాదు అని చెప్పి ఉంటే ఒక ఏడుపుతో పోయేది.

తిరుగు ఆటోలో ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆటోలో వేరే ఎవరూ లేరు. ములుగు రోడ్డు దాటాక చెప్పాడు.

"కత్తి పెడితే గడ్డ ఒళ్లంత పాకుతదని వాడల అన్నరు యమునా. కాలు తీసేస్తరేమో అనుకున్న. కాలు లేనోడు ఏం తొక్కుతడు? నీకు చెప్తే నువ్వు గుంజుకపోతవ్. నువ్వు ఊకుంటవా?"

ఊరుకునేదాన్ని కాదు. మెడ పట్టి గుంజుకుపోయేదాన్ని. అది తెలుసు కాబట్టే నాకు చెప్పలేదు. ఆ రోజు నేను అరవలేదు. కాశిబుగ్గ వచ్చేదాకా ఆయన చేయి పట్టుకుని కూర్చున్నాను. నా కాపురంలో నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కనాడే.

హైదరాబాద్ తీసుకుపోయాం. మందులు ఎక్కించారు. జుట్టు పోయింది, తిండి పోయింది, గడ్డ పోలేదు. ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఎందుకు తీసుకుపొమ్మన్నారో ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు. అత్తకు మాత్రం అర్థం కాలేదు. ట్యూమర్ కదా, ఎందుకు తీసేయలేదని నన్ను అడిగేది. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు ఆమెకు చెప్పాను. మళ్లీ పొద్దున అదే అడిగేది. మళ్లీ చెప్పాను. ఇంకా ఎన్నిసార్లు చెప్పమంటారు? తన గడ్డ తనను వదిలిపెట్టింది కాబట్టి కొడుకునూ వదిలిపెడుతుందని ఆ తల్లి నమ్మకం.

మగ్గం మీద పడుగు సగంలో ఉంది. ఎర్ర చుక్కలు పడ్డ చోట నేను కోసి, పోగుకు పోగు ముడి వేసి, పీట మీద కూర్చున్నాను. నాకు నేత తెలుసు, చిన్నప్పుడు మా నాయన పక్కన కూర్చుని నేసినదాన్నే. ఆయన మంచం ముందు గదిలోకి తెచ్చి మగ్గానికి దగ్గరగా వేశాం. ఆ పక్కకు ఒరిగే పడుకునేవాడు, ఇంకో పక్కకు తిరిగే వీలు లేదు. నేను నేస్తుంటే చప్పుడు వినేవాడు. చప్పుడును బట్టి తప్పు పట్టేవాడు. గట్టిగా కొట్టు, పేక వదులైతాంది అనేవాడు. మొదట గదమాయించి చెప్పేవాడు, తర్వాత మెల్లగా, తర్వాత చేయి ఎత్తి చూపించేవాడు.

ఒక మధ్యాహ్నం అత్త బయట నీడలో కూర్చుని ఉంది. ఆయన చేయి ఎత్తాడు. నాడె ఆపి దగ్గరికి వెళ్లాను.

"ఇది మగ్గం ఇచ్చిన గడ్డ కాదా?" అని అడిగాడు.

డాక్టరమ్మ మాట ఆయనా విన్నాడు. విన్నది మళ్లీ ఎందుకు అడుగుతున్నాడో నాకు తెలుసు. ఆ గడ్డ లేచిన రోజున వాళ్ల నాయన మెత్త మీద కూర్చుని మురిసిన మనిషి. చావు వస్తుందని కాదు ఆయన బాధ. తన పని ఇచ్చిందని అనుకున్నది ఎక్కడి నుంచో ఊరికే వచ్చిందంటే తట్టుకోలేకపోతున్నాడు. నేను ఎవరి అబద్ధాన్నీ సాగనివ్వని దాన్ని. సేటు తూకంలో తేడా వస్తే వీధిలో నిలబెట్టి కడిగేదాన్ని.

"మగ్గం ఇచ్చిందే. మీ నాయిన అసొంటిదే. నీకు జర పెద్దగైంది, అంతే" అన్నాను.

తల ఊపాడు. పోయి నెయ్యమన్నట్టు మగ్గం వైపు చూపించాడు. వెళ్లి నేశాను. కళ్లు కనబడక రెండు వరసలు తప్పాయి, ఆయన వినలేదో, విని ఊరుకున్నాడో. వానలు మొదలయ్యే ముందే పోయాడు.

తర్వాత, వానలకు ఆగిన నాళ్లు తప్ప, నేను మగ్గం దిగలేదు. దిగి ఏం చేయను? ఆ ఎర్ర మెత్త పీట మీదే ఉంది, దాన్ని తీయాలని కూడా నాకు తోచలేదు. పొద్దున కూర్చుంటే అత్త అన్నానికి పిలిచేదాకా లేచేదాన్ని కాదు. కండెలు కూడా నేనే చుట్టుకునేదాన్ని. వాడలో ఎవరితోనూ కొట్లాడడం లేదని, యమున మారిపోయిందని ఆడవాళ్లు అనుకున్నారు. కొట్లాడడానికి నాకు ఏం మిగిలింది?

మళ్లీ ఎండాకాలం వచ్చేసరికి నాకు గడ్డ లేచింది.

కూర్చునే చోటే, ఎముక ఆనే చోటే. అత్తకు చెప్పకుండా ఉండాలనుకున్నాను గాని, కూర్చునేటప్పుడు మూలుగు వచ్చింది. ఆమెకు చూపు ఆనదు గాని చెవులు చురుకు. దగ్గరికి వచ్చి చేత్తో తడిమింది. తడిమిన చేయి అక్కడే ఆగిపోయింది. ఈసారి నాయిన తీరు, మామ తీరు అనలేదు. బొట్టు పెట్టలేదు. హనుమకొండ పోదాం పద బిడ్డా, ఆ మేడం కాడికే పోదాం, ముక్క తీయిద్దాం అని నా కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. వానలు వచ్చేదాకా చూద్దాం అన్నాను. ఇది ఏ గడ్డో వానే చెబుతుంది అన్నాను.

నిజం చెప్పాలంటే నాకు భయం వేయలేదు. అదే అయితే బాగుండు అనుకున్న రోజులు కూడా ఉన్నాయి. ఆయనకు వచ్చింది నాకూ వస్తే ఇద్దరికీ లెక్క సరిపోతుందనుకున్నాను. అత్తను ఒక్కదాన్ని వదిలి పోవడం తప్పని కూడా అనిపించలేదు, అంత పాడైపోయింది నా మనసు.

వానలు పడ్డాయి. గుంటలో నీళ్లు ఊరాయి. చెక్కలు విప్పి అటక మీద పెట్టాను. ఆటో నడపడం నాకు రాదు కాబట్టి ఏ సీటు మీదా కూర్చోలేదు. చాప మీద పక్కకు తిరిగి పడుకుని వాన చప్పుడు వింటూ ఉన్నాను. అత్త ప్రతి పొద్దునా స్నానం చేసి, తడి చేత్తోనే వచ్చి తడిమి చూసేది. చూసి వంటకు పోయేది. 

వాన తెరిపి ఇచ్చిన ఒక పొద్దున ఆమె చాలాసేపు తడిమింది. ఒక వేలితో నొక్కింది, రెండు వేళ్లతో నొక్కింది. గడ్డ ఉన్న చోట మామూలు ఒళ్లు తప్ప ఏం లేదు. నాకు ముందురోజే తెలుసు.

"తగ్గింది" అన్నది.

కాసేపటికి మళ్లీ అన్నది.

"మగ్గం గడ్డ గిట్ల తగ్గుతది గదా యమునా. నాకు తెలుసు. వాళ్ల నాయినది ఏటేటా నేనే సూసేదాన్ని. వానిది తగ్గలేదని నాకెందుకు తెల్వలే?"

ట్యూమర్ అంటే ఏమిటో అన్నిసార్లు చెప్పినా ఎక్కని మాట, ఆమె చేతికి అప్పుడు ఎక్కింది.  నాది తగ్గినందుకు నేను ఏడ్చాను. ఆయనకు కావలసిన తగ్గుదల నాకు వచ్చింది. ఏం చేసుకోను దాన్ని?

అత్త లేచి ముందు గదిలోకి వెళ్లింది. పీట మీది ఎర్ర మెత్త తీసి గుంటలోకి విసిరేసింది. అది కాసేపు నీళ్ల మీద తేలింది, నీళ్లు తాగి మెల్లగా అడుగుకు పోయింది. మేమిద్దరం గుంట అంచున నిలబడి చూశాం. నీళ్లు గుంజాక దాన్ని బయటికి తీసి, పిండి, ఎండబెట్టాలి. కూర్చోవడానికి మా ఇంట్లో వేరే మెత్త లేదు.